గిటార్‌కు డబ్బా కొనేముందు



మీ ఇంట్లో గిటార్ నేర్చుకుంటున్న పిల్లలు ఉంటే, పండుగ ఆఫర్లలో వాళ్ళకొక స్పీకర్ కొనిపెడదామన్న ఆలోచన మీకుంటే, డబ్బు కట్టేముందు ఈ పేజీ చదవండి. నేను మ్యూజిక్ టీచర్ని కాను, ఇంగ్లీషు చెబుతాను. బీఈడీ చదివేటప్పుడు హాస్టల్లో గిటార్ పట్టుకున్నాను, ఇప్పటిదాకా వదల్లేదు. చిన్న తరగతులకు రైమ్స్, పెద్ద తరగతులకు పొయెమ్స్ చెప్పేటప్పుడు అప్పుడప్పుడు క్లాసుకు తీసుకెళ్తుంటాను. అందుకే కాబోలు, కామారెడ్డి బ్రాంచిలోనైనా ఎల్లారెడ్డి బ్రాంచిలోనైనా ఈ ప్రశ్న నా దగ్గరికే వస్తోంది. "మేడం, ఏది కొనమంటారు? ఎన్ని వాట్లది?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గిటార్ మొదలుపెట్టి ఏడాది దాటని పిల్లలకు ఏదీ కొననక్కర్లేదు. నలుగురి ముందు వాయించే దశకు వచ్చినవాళ్ళకు చిన్నది చాలు. పెద్దది కావలసింది స్కూలుకు, మీ ఇంటికి కాదు. దాన్ని స్కూలే కొనాలి. ఈ చివరి మాటను మన న్యూస్‌లెటర్ అచ్చు వేస్తుందన్న నమ్మకంతోనే రాస్తున్నాను.

ఇంత పట్టుదలగా చెప్పడానికి ఒక కారణం ఉంది. ఒక యాన్యువల్ డేకు తొమ్మిదో తరగతి అమ్మాయి నాలుగు నెలలు ఒకే పాట సాధన చేసింది. వాళ్ళది ఎల్లారెడ్డి దగ్గర ఊరు. గిటార్ క్లాసు కామారెడ్డిలో. ప్రతి ఆదివారం గిటార్ వీపున తగిలించుకుని బస్సులో వచ్చేది. ప్రోగ్రాం రోజు ఫంక్షన్ హాల్లో సౌండు పెట్టినవాళ్ళు తెచ్చినవన్నీ డీజే డబ్బాలు. గిటార్ రంధ్రానికి ఎదురుగా ఒక మైకు నిలబెట్టారు. వాల్యూమ్ పెంచగానే హాలంతా ఊఁ అని మోగింది. తగ్గిస్తే ఏమీ వినపడలేదు. రెండుసార్లు చూసి, ఇక టైం లేదని ఆ పాట ట్రాక్ పెట్టేశారు. పాప వాయించింది, ట్రాక్ మోగింది, అందరూ చప్పట్లు కొట్టారు. కిందికి దిగాక వాళ్ళ నాయనమ్మ అడిగిన మాట పక్కనే ఉన్న నేనూ విన్నాను. "నువ్వు కొట్టినవా బిడ్డా, డబ్బా కొట్టిందా?"

ఆవిడ ఎగతాళి చేయలేదు, నిజంగానే తెలియక అడిగింది. ఆ తర్వాత ఆ అమ్మాయి కొన్ని వారాలు గిటార్ ముట్టుకోలేదు. వాళ్ళ నాన్నగారు మాత్రం ఇంకోలా అర్థం చేసుకున్నారు. సౌండు సరిపోలేదు కాబట్టి పాప బాధపడిందనుకుని, నా దగ్గరికొచ్చి పెద్ద ట్రాలీ స్పీకర్ కొంటానన్నారు. ప్రేమతో అన్న మాటే. కానీ ఆ డబ్బాతో కూడా అదే జరిగేది. ఎందుకో చెప్తాను.

డప్పుకు మైకు అక్కర్లేదు. ఊరి ఈ చివర కొడితే ఆ చివర వినపడుతుంది. చెక్క గిటార్ అలాంటిది కాదు. గదిలో పది మందికి వినిపించేంత గొంతే దానిది. అన్నిటికన్నా లావు తీగె సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. సన్న తీగెల మీద గోరు తగిలినప్పుడు వచ్చే మెరుపు వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. ఆ రెండు కొసలూ వినపడితేనే అది గిటార్. పైగా ఆ బోలు పెట్టె లోపలి గాలికి దానిదంటూ ఒక మోత ఉంది, సుమారు 100 హెర్ట్జ్ దగ్గర. స్పీకర్ శబ్దం వెళ్ళి ఆ పెట్టెను తాకితే పెట్టె మళ్ళీ మోగుతుంది. ఆ మోతను మైకు పట్టుకుంటుంది, స్పీకర్ ఇంకా పెంచుతుంది. ఊఁ అని మోగేది అందుకే. పార్టీ స్పీకర్లూ డీజే డబ్బాలూ సరిగ్గా ఆ కింది మోతనే ఎక్కువ చేసి వినిపించేలా తయారవుతాయి. బరాత్‌లో డ్యాన్సుకు అవి బాగుంటాయి. గిటార్‌కు మాత్రం జబ్బు ఉన్నచోటే దెబ్బ తగిలినట్టు అవుతుంది.

ఎలక్ట్రిక్ గిటార్ యాంప్‌ది ఇంకో సమస్య. షాపులో "గిటార్ యాంప్" అని అడిగితే చాలాసార్లు అదే చేతిలో పెడతారు. దాని స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కు అదే అందం. చెక్క గిటార్ పెడితే దుప్పటి కప్పి వాయించినట్టుంటుంది. చెక్క గిటార్‌కు కావలసింది "ఎకౌస్టిక్ యాంప్" అని అమ్మేది. అందులో పెద్ద స్పీకర్‌తో పాటు చిన్న ట్వీటర్ కూడా ఉంటుంది, లేదా మొత్తం స్వరాలన్నీ పలికే స్పీకర్లు ఉంటాయి. ఉన్న శబ్దానికి రంగు పూయకుండా పెద్దది చేసి ఇవ్వడమే దాని పని.

ఇంతకీ మీ గిటార్‌లో పికప్ ఉందా? ముందు అది చూడండి. బెల్టు తగిలించే చోటో పక్కనో జాక్ పెట్టే రంధ్రం ఉండి, పైన చిన్న చిన్న నాబ్‌లు ఉంటే పికప్ ఉన్నట్టు. మొదటిసారి కొనే చవక గిటార్లలో ఎక్కువగా ఉండదు. లేకపోతే కంగారు పడకండి, దానికోసం కొత్త గిటార్ కొనకండి. పాటకు వాడే మామూలు డైనమిక్ మైకు ఒకటి చాలు. దాన్ని రంధ్రానికి ఎదురుగా పెట్టవద్దు. గిటార్ మెడ పెట్టెతో కలిసే చోటుకు, జానెడు దూరంలో పెట్టండి. ఆ హాల్లో ఈ ఒక్క మార్పు చేసి ఉంటే సగం పని అయ్యేది.

పికప్ ఉన్న గిటార్ అయితే ఇంకో చిక్కు. చాలా గిటార్లలో ఉండేది పీజో పికప్, బ్రిడ్జి కింద సన్నటి పట్టీ. దాని నుంచి వచ్చే సిగ్నల్ చాలా సుకుమారమైనది. గిటార్ లోపల బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్ ఉంటే పర్లేదు. అది లేకుండా వట్టి పీజోను తీసుకెళ్ళి టీవీ స్పీకర్ ఆక్స్ సాకెట్‌లో గుచ్చితే, కిందిదంతా పోయి రేకు డబ్బా మీద గీకినట్టు వినపడుతుంది. ఎకౌస్టిక్ యాంప్‌లో గిటార్ సాకెట్‌ను అలాంటి సిగ్నల్‌ను పట్టుకునేలాగే తయారుచేస్తారు. డబ్బు పెట్టేది దానికోసమే, పైనున్న రంగు లైట్ల కోసం కాదు.

బ్లూటూత్ గురించి పిల్లలు మీకు చాలా చెబుతారు. ఫోన్లో పాట పెట్టుకుని దానితో పాటు వాయించడానికి బ్లూటూత్ మంచిదే. గిటార్‌ను ఫోన్ యాప్‌లోకి పంపి అక్కడి నుంచి బ్లూటూత్ స్పీకర్‌కు పంపడం మాత్రం కుదరదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది. పాట వినేటప్పుడు మనకు తెలియదు. వాయించేవాళ్ళకు తెలుస్తుంది, వేలు కదిలాక స్వరం వస్తుంది. అలా నెల రోజులు సాధన చేసిన పిల్లల తాళం పాడవుతుంది. గిటార్ నుంచి స్పీకర్‌కు వైరే ఉండాలి.

ఇక వాట్ల సంగతి. ఒక నాన్నగారు నాకు ఫోన్లో ఫొటో పంపారు, డబ్బా మీద వేలల్లో అంకె. ఆ అంకె పక్కన పీఎంపీఓ అని చిన్న అక్షరాల్లో ఉంది. అది కంటిరెప్ప పాటు కూడా నిలవని గొప్పల లెక్క. మీరు చూడవలసింది ఆర్ఎంఎస్ అన్న మాట పక్కనున్న అంకె. అది చెప్పలేని షాపతను చెప్పే మిగతావి కూడా కొంచెం తగ్గించుకుని వినండి. ఇంకో సంగతి, వాట్లు రెండింతలైతే శబ్దం రెండింతలు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి కాస్త తేడా తెలుస్తుంది, అంతే. రెండింతలు పెద్దగా వినపడాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. అందుకే 30 వాట్ల బదులు 40 వాట్లది కొనడానికి అప్పు చేయకండి. నలభై మంది ఉన్న క్లాసురూముకు 15 వాట్లు ధారాళం. ఇంట్లో సాధనకు 5 వాట్లు కూడా ఎక్కువే. బయట గ్రౌండ్‌లో లెక్క వేరు. గోడలు ఉండవు కాబట్టి దూరం రెండింతలైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. అక్కడ 60 వాట్లది కూడా ముందు వరుసలకే.

మన ప్రాంతానికి సంబంధించి నేను వాట్ల కన్నా ముందు చూసేది కరెంటు. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో ప్రమాదం ఉంది. పాత ఇళ్ళలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా వెనకాల ఎర్తు వైరు ఉండదు. షామియానా కింద జనరేటర్ నుంచి లాగిన లైన్లకు సరేసరి. గిటార్ తీగెలు లోహం, జాక్ ద్వారా అవి యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. గిటార్ ఒక యాంప్‌కు, మైకు ఇంకో మిక్సర్‌కు ఉండి, వాటిలో ఒకదానికి ఎర్తు లేకపోతే, చేతులు తీగెల మీద ఉండగా పెదవి మైకుకు తగిలినప్పుడు షాక్ కొట్టవచ్చు. సన్నగా జివ్వుమనడంతో మొదలవుతుంది, అంతటితో ఆగుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. టూపిన్ సాకెట్‌లో పట్టడం కోసం ప్లగ్గులోని పెద్ద పిన్ను విరగ్గొట్టే అలవాటు మనవాళ్ళకుంది. దయచేసి ఆ పని చేయవద్దు, ఎవరైనా చేస్తుంటే చూస్తూ ఊరుకోవద్దు. ఎలక్ట్రీషియన్ను పిలిచి ఆ ఒక్క గదికైనా ఎర్తు వేయించండి. చవక ఇన్వర్టర్ల మీద యాంప్ జుంయ్‌మని మోగితే అది యాంప్ తప్పు కాదు, ఆ ఇన్వర్టర్ ఇచ్చే కరెంటే అంత.

బ్యాటరీతో నడిచే యాంప్ కొంటే ఈ బాధలు చాలావరకు పోతాయి. అందుకే నా ఓటు ఎప్పుడూ బ్యాటరీకే. ఛార్జింగ్ పెట్టి వాడేటప్పుడు మాత్రం పైన చెప్పిందంతా మళ్ళీ వర్తిస్తుంది.

పేర్లు చెప్పమంటారు కాబట్టి నాలుగు చెబుతాను, ఎవరి ప్రచారమూ కాదు. రోలాండ్ వాళ్ళ క్యూబ్ స్ట్రీట్ ఆరు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. మొత్తం 5 వాట్లే, కానీ మైకు, గిటార్ రెండూ పెట్టుకోవచ్చు, బరువు 5 కిలోల చిల్లర. దాని పెద్దన్న క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్ 50 వాట్లు, ఎనిమిది సెల్లులు. ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లది, అచ్చంగా చెక్క గిటార్ కోసమే తయారైనది, అందులో ఛార్జ్ అన్న రకానికి లోపలే బ్యాటరీ ఉంటుంది. బోస్ ఎస్1 ప్రో బ్యాటరీ మీద పదకొండు గంటల దాకా నడుస్తుందని కంపెనీ చెబుతుంది, బరువు 7 కిలోలు. చివరి మూడూ చాలా ఇళ్ళలో ఉన్న గిటార్ కన్నా కొన్ని రెట్లు ఖరీదు. అవి పిల్లవాడికి కొనే వస్తువులు కావని నా ఉద్దేశం. స్కూలుకు కొనేవి.

బరువు ఎందుకు రాశానంటే ఎల్లారెడ్డి పిల్లలను దృష్టిలో పెట్టుకుని. వీపున గిటార్, ఒక చేత్తో బస్సు రాడ్డు, ఇంకో చేతిలో యాంప్. 5 కిలోలు మోయగలరు. 10 కిలోలది కొంటే మొదటి నెల తర్వాత అది ఇంట్లో బీరువా పక్కనే ఉంటుంది. కొనేముందు షాపులో ఒక్కసారి మీ అబ్బాయినో అమ్మాయినో ఎత్తి నడవమనండి. నడిచి మెట్లు దిగమనండి.

పార్టీ స్పీకర్లలో కొన్నింటికి గిటార్ సాకెట్ ఉంటుంది, జేబీఎల్ పార్టీబాక్స్ 110కి ఉంది. ఇప్పటికే ఇంట్లో అలాంటిది ఉంటే కొత్తది కొనకండి. బాస్ బూస్ట్ తీసేయండి, బాస్ తగ్గించండి, స్పీకర్‌ను నేల మీద నుంచి ఎత్తి స్టూలు మీద పెట్టండి, గిటార్ వెనకాల కాకుండా పక్కకు ముందుకు జరపండి. గిటార్ రంధ్రానికి రబ్బరు మూత దొరుకుతుంది, అది బిగిస్తే మోత చాలా తగ్గుతుంది. ఎకౌస్టిక్ యాంప్‌లలో అయితే ఫేజ్, నాచ్ లాంటి బటన్లు ఇదే పని కోసం ఉంటాయి.

గుళ్ళలో, స్కూలు ప్రేయర్‌లో మనం చూసే అహూజా సెట్ల గురించి కూడా అడిగారు. మాట వినపడడానికి అవి మంచివి, ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేస్తాయి, రిపేరు చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. గొట్టం స్పీకర్ మాత్రం వద్దు. అది మనిషి గొంతుకు సరిపోయే మధ్య స్వరాలనే పలుకుతుంది, గిటార్‌లో మూడు తీగెలు మాయమైనట్టు ఉంటుంది.

యాంప్లిఫయర్ అంటే సంగీతాన్ని చెడగొట్టేదనే పెద్దలు కూడా ఉన్నారు. వాళ్ళకు పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని గుర్తు చేస్తాను. మామూలు మాండలిన్‌లో స్వరం వెంటనే ఆరిపోతుంది, గమకాలు నిలవవు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంట తీగెల బదులు అయిదు ఒంటి తీగెలు పెట్టుకుని, దాని మీద కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు. కరెంటు లేకపోతే ఆ సంగీతమే లేదు. వీణ కచేరీల్లో కాంటాక్ట్ మైకు ఇప్పుడు మామూలు విషయం. కాబట్టి గొడవ యంత్రంతో కాదు. పిల్లవాడి చేతిలోంచి వచ్చింది మనకు చేరిందా, దాని బదులు ఇంకొకటి చేరిందా అన్నదే నా పట్టింపు.

ఆ పట్టింపుతోనే స్కూలుకు, మీకు ఒక మాట. మన పిల్లలకు సంగీతం పీరియడ్ ఎనిమిదో తరగతి దాటాక దాదాపు మిగలదు, ఫౌండేషన్ క్లాసులు దాన్ని మింగేస్తాయి. మిగిలింది యాన్యువల్ డే ఒక్కటే. ఆ ఒక్కరోజున కూడా ట్రాక్ పెట్టి పిల్లల చేత నటింపజేస్తే వాళ్ళు నేర్చుకునేది గిటార్ కాదు. ప్రతి బ్రాంచికి బ్యాటరీతో నడిచే రెండు ఛానెళ్ళ ఎకౌస్టిక్ యాంప్ ఒకటి, స్టాండుతో మైకు ఒకటి కొనాలని నేను కోరుతున్నాను. డీజేకు ఒక్క సాయంత్రానికి ఇచ్చే డబ్బు పక్కన పెట్టి చూడండి, ఇది ఏళ్ళు వస్తుంది. లైన్ అవుట్ సాకెట్ ఉన్నది కొంటే ఫంక్షన్ హాలు సౌండుకు కూడా అక్కడి నుంచే వైరు ఇవ్వవచ్చు, గిటార్ ముందు మైకుతో తంటాలు ఉండవు. మీలో పది మంది పీటీఎం ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాస్తే నా ఒక్కదాని మాట కన్నా త్వరగా పని జరుగుతుంది.

"ర్యాంకు వస్తే కొనిస్తాం" అని మాత్రం అనకండి. ర్యాంకు రాని పిల్లకు గిటార్ కూడా చేదవుతుంది.

ఇంట్లో వాయించే వాల్యూమ్ గురించి కూడా రెండు మాటలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. పగలు కూడా నివాస ప్రాంతాల్లో పరిమితి 55 డెసిబెల్స్. స్కూలు, ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. పక్కింటి పదో తరగతి పిల్లవాడు గోడ అవతల చదువుకుంటుంటాడు. సాధనకు యాంప్ అక్కర్లేదు, చెక్క గిటార్ తన గొంతు తానే తెచ్చుకుంది. యాంప్‌ను వారానికి ఒకసారి, ప్రదర్శనకు ముందు నాలుగు సార్లు తీస్తే చాలు.

కొనడానికి వెళ్ళేటప్పుడు పార్టీ స్పీకర్లు మన దగ్గర మొబైల్ షాపుల్లో కూడా దొరుకుతాయి గానీ, ఎకౌస్టిక్ యాంప్‌కు హైదరాబాద్ పోవడం మేలు. కామారెడ్డిలో రైలెక్కి కాచిగూడలో దిగితే కోఠి దగ్గరే, గుజరాతీ గల్లీలో మైకులూ కేబుళ్ళూ చూసుకోవచ్చు. యాంప్ మాత్రం సంగీత వాద్యాలు అమ్మే షాపులో చూడండి. మీ గిటార్ మీరే తీసుకెళ్ళండి. షాపు గిటార్‌తో ఏదైనా బాగానే ఉంటుంది. నాబ్‌లన్నీ మధ్యలో పెట్టించి, లావు తీగె ఒకటి, సన్న తీగె ఒకటి విడివిడిగా మీటించి వినండి. తర్వాత మైకులో మీ అబ్బాయినో అమ్మాయినో మాట్లాడమనండి, గొంతు గుర్తుపట్టేలా ఉందా చూడండి. వాల్యూమ్ మెల్లగా పెంచుతూ ఎక్కడ ఊఁ మొదలవుతుందో చూడండి. మీరు దూరంగా గుమ్మం దగ్గర నిలబడి ఇంకోసారి వినండి. మిక్సింగ్, ఎకో, రంగు లైట్లు చూపిస్తే చూసి నవ్వి ఊరుకోండి.

అక్కడిదాకా వెళ్ళలేనివాళ్ళు శనివారం సాయంత్రం స్కూలు వదిలాక కామారెడ్డి బ్రాంచికి గిటార్ తీసుకుని రండి. నా చిన్న యాంప్ అక్కడే ఉంటుంది, పెట్టి చూడవచ్చు, పికప్ పనిచేస్తోందో లేదో అక్కడే తేలుతుంది. గిటార్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ మాత్రం కొత్తది వేసుకుని రండి. వాయించడం అయ్యాక జాక్ తీసేయమని పిల్లలకు చెప్పండి, జాక్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది.